స్కూలు రిపోర్టులు పాలసీని మారుస్తాయా? ఏ తరగతి దగ్గర కొలిచారో చూడండి

కావలి నుంచి ఎంఈడీ చేస్తున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ప్రైమరీకి ఒక రిపోర్టు, హైస్కూలుకు ఒకటి, చిన్నపిల్లలకు వేరే ఒకటి... ఇన్ని వస్తున్నాయి కదా, ఇవి నిజంగా ప్రభుత్వ విధానాన్ని మారుస్తాయా, లేక ముందే తీసుకున్న నిర్ణయానికి ముద్ర వేయడానికేనా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీద డిజర్టేషన్ రాయాలంటే ఏ రిపోర్టు పట్టుకోవాలి? జీవో 117 సంగతేంటని కూడా అడిగింది.

మారుస్తాయమ్మా. గట్టిగానే మారుస్తాయి. కానీ చివరి పేజీల్లో రాసే సిఫారసుల వల్ల కాదు. రిపోర్టు ఏ తరగతి దగ్గర ఆగి, దేన్ని లెక్కపెట్టిందో అక్కడికే డబ్బూ టీచర్లూ వెళ్తారు. లెక్కలోకి రాని తరగతి పిల్లలు ఇంకో రిపోర్టు వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

నేను 1988లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాను. తర్వాత స్కూల్ అసిస్టెంటు, హెడ్మాస్టరు, మధ్యలో కొన్నేళ్ళు ఎఫ్ఏసీ ఎంఈవో, అంటే అదనపు బాధ్యతగా మండల విద్యాధికారి. 2024లో రిటైరయ్యాను. సర్వీసులో సగం పశ్చిమ ప్రకాశంలో, మిగతాది కందుకూరు, నెల్లూరు వైపు గడిచింది. ఈ రిపోర్టుల్లో కొన్నిటికి కింద నుంచి అంకెలు పంపిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా మాటను ఆ మేరకే తీసుకోండి.

ముందు పాత కమిషన్ల సంగతి. మీ సిలబస్‌లో ఉంటాయి కాబట్టి త్వరగా దాటేస్తాను, ఒక్క విషయం తప్ప. 1948-49లో వేసిన యూనివర్సిటీ కమిషన్‌కు అధ్యక్షుడు రాధాకృష్ణన్. ఆయన ఇంటిపేరులోని సర్వేపల్లి మన నెల్లూరు పక్కనే. యూనివర్సిటీల కోసం వేసిన ఆ కమిషన్, బలహీనమైన లంకె హైస్కూలు దగ్గర ఉందని చెప్పింది. దాంతో 1952లో హైస్కూలు చదువు కోసం మొదలియార్ కమిషన్ వచ్చింది. పై దశను చూడటానికి వెళ్ళినవాళ్ళు తప్పు కింది దశలో ఉందని చెప్పి రావడం అప్పటి నుంచీ ఉన్నదే. ఇంటర్ లెక్చరర్ హైస్కూలును అంటాడు, హైస్కూలు మాస్టారు ప్రైమరీని అంటాడు, ప్రైమరీ టీచరు అంగన్‌వాడీని అంటుంది. స్టాఫ్ రూములో ఏ రోజైనా వినొచ్చు. అన్ని దశలనూ ఒకే చోట కూర్చోబెట్టి చూసింది 1964-66 కొఠారీ కమిషన్. 10+2+3 అక్కడిదే. కానీ మన రాష్ట్రంలో ఆ +2ను హైస్కూల్లో ఉంచకుండా జూనియర్ కాలేజీకి, వేరే బోర్డుకు ఇచ్చారు. అందుకే ఈ రోజుకీ మన బడి రిపోర్టులు చాలావరకు పదో తరగతి దగ్గర ఆగిపోతాయి. నెల్లూరు హాస్టళ్ళలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే ఇంటర్ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో ర్యాంకులు చెప్పాల్సిందే తప్ప బడి సర్వేలు చెప్పవు.

ఇక నేను కళ్ళారా చూసినవి.

మొదట గదులు లెక్కపెట్టారు. 1986లో అయిదో అఖిల భారత విద్యా సర్వే జరిగింది. ఎన్ని బడులకు ఒకే గది, ఎన్నిటికి ఒకే టీచరు అన్నది లెక్క. అదే ఏడాది జాతీయ విద్యా విధానం వచ్చింది, మరుసటి ఏడాది ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి. నేను చేరిన ఊళ్ళో బడి రామాలయం పక్కన ఒకే గది. కొన్నాళ్ళకు రెండో గది వచ్చింది, రెండో టీచరమ్మ వచ్చింది, ఒక పెద్ద ఇనప్పెట్టె కూడా వచ్చింది. అందులో గ్లోబు, లెక్కల కిట్టు, సైన్సు కిట్టు, చార్టులు. పోతే జీతంలో కోస్తారని మా హెడ్మాస్టరుకు భయం. ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప పెట్టె తాళం తీసేవారు కాదు. ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఛార్జి అప్పగిస్తూ తెరిస్తే గ్లోబు మీద ప్లాస్టిక్ కవరు కూడా చిరగలేదు. సర్వే అడిగింది 'ఉందా, లేదా' అని మాత్రమే. ఉంది. పిల్లాడికి చదవడం వచ్చా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు.

అదే విధానంలో భాగంగా జిల్లాకొక డైట్, అంటే టీచర్ల శిక్షణ సంస్థ, వచ్చింది. నెల్లూరుకు పల్లిపాడులో, ప్రకాశానికి మైనంపాడులో. నా ఉద్దేశంలో ఆ విధానం మన రెండు జిల్లాలకు ఇచ్చిన మంచి వస్తువుల్లో ఇవి ముందుంటాయి.

తర్వాత పేర్లు లెక్కపెట్టారు. 1994లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం. పేరులోనే ప్రైమరీ ఉంది. మన రాష్ట్రంలో మొదటి విడత అయిదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. జిల్లాలను ఎంచుకోవడానికి పెట్టిన కొలతలు రెండు. ఆడవాళ్ళ అక్షరాస్యత దేశ సగటు కంటే తక్కువ ఉండటం, సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం బాగా నడిచి బడి కావాలన్న కోరిక జనంలో పెరిగి ఉండటం. నెల్లూరులో అక్షరదీపం పేరుతో ఆ ఉద్యమం ఎంత బలంగా నడిచిందో దూబగుంట ఆడవాళ్ళను చూసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన వాళ్ళు సారా దుకాణం మూయించారు. అలాంటి తల్లులు పిల్లల్ని బడిలో వేయకుండా ఉంటారా?

వేశారు. ఒకటి నుంచి అయిదు దాకా గదులు నిండాయి. అక్కడే చిక్కొచ్చింది. డబ్బు అయిదో తరగతి వరకే, లెక్కా అయిదో తరగతి వరకే. కందుకూరు వైపు ఒక ఊళ్ళో నేను పనిచేసినప్పుడు అయిదు పాసైన ఆడపిల్లలు ఆరో తరగతికి మూడు కిలోమీటర్లు నడవాలి. మగపిల్లలు సైకిలెక్కారు. ఆడపిల్లలు పొగాకు గ్రేడింగుకు వెళ్ళారు. మా బడి రిపోర్టులో మాత్రం డ్రాపౌట్లు సున్నా. అబద్ధం కాదు, అయిదు వరకు ఎవరూ మానలేదు మరి! ఆ సున్నా పంపినందుకు మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత చూడండి, పిల్లల రద్దీ ఒక్కో మెట్టూ పైకి జరిగింది, వెనకాలే పథకమూ జరిగింది. ఎనిమిది వరకు సర్వ శిక్షా అభియాన్. 2004లో ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు. 2009లో హైస్కూలుకు ఆర్ఎంఎస్ఏ. 2018లో వీటన్నిటినీ కలిపి సమగ్ర శిక్ష అన్నారు. ఒక్కో దశకు ఒక్కో రిపోర్టు, ఒక్కో రిపోర్టుకు ఒక్కో పద్దు, ఒక్కో పద్దుకు ఒక్కో క్యాష్‌బుక్ రాసినవాడిగా చెబుతున్నా, ఆ కలపడం మంచి పనే. లోపల మాత్రం గీతలు ఇంకా చెరిగిపోలేదు.

ఆ తర్వాత చదవడాన్ని లెక్కపెట్టారు. 2005 నుంచి అసర్ సర్వే. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేస్తుంది. దీని గొప్పతనం బడికి రాకుండా ఇంటికి వెళ్ళడంలో ఉంది. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు. వాలంటీరు అరుగు మీద కూర్చుని పిల్లాడి చేతికి కాగితం ఇస్తాడు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకుంటాడు. అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు దేశం మొత్తం మీద గ్రామాల్లో 2018లో 50.5 శాతం. కరోనా తర్వాత 2022లో 42.8. 2024లో 48.8.

మొదట్లో ఈ రిపోర్టంటే మా డిపార్టుమెంటులో మంట. 'ఎవరో కాలేజీ కుర్రాళ్ళు వచ్చి పరీక్ష పెట్టడమేంటి' అనేవాళ్ళం. నేనూ అన్నాను. కానీ పదిహేనేళ్ళు ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటే జవాబు చెప్పక తప్పదు. 2020 జాతీయ విద్యా విధానం, ఎలిమెంటరీలో అయిదు కోట్లకు పైగా పిల్లలకు చదవడం, లెక్కలు చేయడంలో పునాది రాలేదని ఒప్పుకుంది. 2021 జులైలో నిపుణ్ భారత్ వచ్చింది. మూడో తరగతి ముగిసేలోపు చదవడం, కూడికలు తీసివేతలు రావాలన్నది గురి. కమిషన్ల పెద్ద పెద్ద సంపుటాల కన్నా ఆ ఒక్క కథ కాగితం ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ఎందుకంటే సర్పంచికీ అర్థమవుతుంది, కలెక్టరుకూ అర్థమవుతుంది.

ప్రభుత్వం తరఫు కొలత వేరే. పిల్లలు ఎంత నేర్చారో చూసే జాతీయ సర్వే న్యాస్. 2017, 2021 న్యాస్‌లలో 3, 5, 8, 10 తరగతులకు పరీక్ష పెట్టారు. అదే తరహాలో 2024 డిసెంబర్ 4న పరఖ్ పేరుతో జరిగిన సర్వేలో 3, 6, 9కి పెట్టారు. ఎందుకు మారింది? కొత్త విధానంలో బడి 5+3+3+4 అయింది. రెండో తరగతితో ఒక దశ, అయిదుతో ఒకటి, ఎనిమిదితో ఒకటి ముగుస్తాయి. దశ దాటి వచ్చినవాడిని గుమ్మంలో ఆపి అడుగుతున్నారన్నమాట. ఆలోచన బాగుంది. కానీ 2021 అయిదో తరగతి అంకెను 2024 ఆరో తరగతి అంకె పక్కన పెట్టి 'పెరిగింది, తగ్గింది' అని రాయకండి. చాలామంది రాస్తున్నారు. ఇంకొకటి, శాంపిల్‌లో ఏ బడి పడిందో ముందే తెలుస్తుంది. పడిన బడుల్లో ముందు కొన్ని వారాలు ఆ తరగతికి బిట్ పేపర్లే పాఠం. పక్క గదిలో నాలుగో తరగతి వాళ్ళు టీచరు కోసం కిటికీలోంచి చూస్తూ ఉంటారు. నేను ఎంఈవోగా ఉన్నప్పుడు దీన్ని ఆపలేదు, పై నుంచి ఒత్తిడి అలా ఉండేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జబ్బు ఒక తరగతిలో ఉంటుంది, రిపోర్టులో ఇంకో తరగతిలో కనిపిస్తుంది. మందు కనిపించిన చోట వేస్తారు.

పశ్చిమ ప్రకాశంలో సంక్రాంతి దాటితే ఊళ్ళు ఖాళీ అవుతాయి. కనిగిరి, పామూరు, ఎర్రగొండపాలెం వైపు నుంచి గుంటూరు, పల్నాడు మిరపకాయ కోతలకు కుటుంబాలు కుటుంబాలే వెళ్తాయి. నేను ఎంఈవోగా ఉన్నప్పుడు ఫిబ్రవరిలో ఒక అప్పర్ ప్రైమరీ బడికి వెళ్ళాను. ఏడో తరగతి హాజరు పట్టీ తెరిస్తే పండగ సెలవుల తర్వాత నుంచి ఎర్ర ఇంకుతో 'ఏ'లు, నాట్లు వేసినట్టు వరసగా. ఇరవై ఆరు పేర్లలో తొమ్మిదిమంది ఉన్నారు. ఉన్నవాళ్ళు అవ్వ దగ్గర వదిలేసిన వాళ్ళు. ఏప్రిల్‌లో తిరిగొచ్చిన ఒక కుర్రాణ్ణి పెన్సిలు పట్టుకోమంటే అరచేతులు చూపించాడు. మంటట. కళ్ళు నలుపుకోకూడదని వాళ్ళమ్మ మోచేతులకు గుడ్డ కట్టి పంపింది.

యూడైస్ అంటే ప్రభుత్వం ఏటా అన్ని బడుల నుంచి తీసుకునే లెక్క. దానికి గీటురాయి తేదీ సెప్టెంబర్ 30. ఆ రోజు ఈ ఇరవై ఆరుగురూ బడిలోనే ఉంటారు. వచ్చే సెప్టెంబర్ 30కీ ఉంటారు, ఒక తరగతి పైన. టీసీ ఎవరూ తీసుకోరు. ఎనిమిది వరకు ఫెయిల్ చేయకూడదన్న చట్టం కింద అందరూ పై తరగతికి వెళ్ళేవాళ్ళు. కాబట్టి నాలుగు నుంచి ఎనిమిది వరకు ఏటా మూడు నెలల చదువు పోయినా రిపోర్టులో చిన్న మచ్చ కూడా పడదు. తొమ్మిదికి వచ్చేసరికి వాడికి పాఠం అందదు, చేతికి కూలి పని అందుతుంది. మానేస్తాడు. రిపోర్టులో సెకండరీ డ్రాపౌట్ అని పడుతుంది. వెంటనే హైస్కూలుకు ఒక పథకం, హైస్కూలు హెడ్మాస్టరుకు ఒక మెమో.

దీనికి సరైన మందు ఒకటుంది, సీజనల్ హాస్టల్. తల్లిదండ్రులు వలస వెళ్ళినప్పుడు పిల్లల్ని బడిలోనే ఉంచి, తిండి పెట్టి, రాత్రి ఒక వాలంటీరును పెట్టడం. సమగ్ర శిక్షలో డబ్బు ఉంది. నేను ఒక ఏడాది నవంబర్‌లో పేర్లతో ప్రతిపాదన పంపితే అనుమతి కాగితం ఫిబ్రవరి రెండో వారంలో వచ్చింది. అప్పటికి లారీలు వెళ్ళిపోయాయి. మరుసటి ఏడాది ఆగస్టులోనే పంపాను, పండగకు ముందే హాస్టల్ తెరిచాం. ముప్పై మందికి పైగా నిలబడ్డారు. ఆ ముప్పై మంది ఏ రిపోర్టులోనూ కనిపించరు. సెప్టెంబర్ 30న వాళ్ళెలాగూ ఉండేవాళ్ళే కదా.

జీవో 117 గురించి కూడా అడిగారు, క్లుప్తంగా చెబుతా. ప్రైమరీ బడుల్లో అయిదు తరగతులకు ఒకరిద్దరే టీచర్లు, సబ్జెక్టు చెప్పేవాళ్ళు లేరు అన్నది రోగం. అందులో తప్పు లేదు. 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్ళకు పంపించింది. మ్యాపింగ్ యాప్‌లో దూరం కనబడుతుంది, దారి కనబడదు. నెల్లూరు జిల్లాలో ఒక ఊరికి హైస్కూలు సరిగ్గా 700 మీటర్లు, మధ్యలో మద్రాసు హైవే. ఎనిమిదేళ్ళ పిల్లని హైవే దాటించి పంపను అని ఒక తల్లి నా ముందే టీసీ అడిగింది, పక్కనున్న ప్రైవేటు బడిలో వేసింది. ఇటు ఒకటి, రెండు తరగతులతో మిగిలిన బడికి ఒక్కరే టీచరు. నిజానికి నిపుణ్ లెక్కలో పునాది పడాల్సిన తరగతుల్లో మొదటివి ఆ రెండే! 2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ బడులన్నారు. నాకు ఇది నచ్చింది. అయితే పోయిన పిల్లలు వెనక్కి వస్తారా అన్నది వేరే సంగతి.

పదో తరగతి ఫలితాలు కూడా ఒక రిపోర్టేనని మర్చిపోకండి. అందరికంటే వేగంగా పని చేసే రిపోర్టు అదే. 2020, 2021లో పరీక్షలు లేకుండా అందరూ పాస్. 2022లో పరీక్ష పెడితే 67.26 శాతం. ఆ పిల్లలు ఎనిమిది చివర్లో, తొమ్మిదిలో బడి మొహం సరిగ్గా చూడలేదు. కానీ కదలిక అంతా ఎక్కడ? పదో తరగతిలో ఉదయం ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒకటి, స్లిప్ టెస్టులు. తొమ్మిదో తరగతికి ఆ ఏడాదీ ఎవరూ అదనంగా ఒక గంట ఇవ్వలేదు, మా బడిలో నేనూ ఇవ్వలేదు.

మరి రిపోర్టులు ముద్ర వేయడానికేనా అన్న మీ అనుమానం? కొంత నిజమే. ప్రభుత్వం ముందే చేద్దామనుకున్న పనికి అనుకూలంగా ఉన్న అంకెను ముందు పేజీలో పెట్టుకుంటుంది. భవనాలు కట్టాలనుకున్న ప్రభుత్వం సదుపాయాల లెక్క చూపిస్తుంది. 2019 నవంబర్‌లో ఒంగోలులో మొదలైన నాడు-నేడు అలాంటిదే. మరుగుదొడ్లు, నీళ్ళు, ప్రహరీలు నిజంగా అవసరమే, ఆడపిల్లల హాజరుకు ఎంత మేలు చేసిందో నాకు తెలుసు. అయితే రంగులేసిన గదిలో కూర్చున్న పిల్లాడికి పేరా చదవడం రావాలంటే ఇంకో లెక్క కావాలి. రెండిటికీ వేర్వేరు రిపోర్టులు, వేర్వేరు ఆఫీసులు.

మీ డిజర్టేషన్‌కు నా సలహా. దశ చివరి తరగతుల మీద ఇప్పటికే బోలెడు ఉంది. 4, 7 తరగతులు తీసుకోండి, న్యాస్, పరఖ్ కొలవనివి. వలస మండలం ఒకటి, తీరం వైపు ఒకటి. యూడైస్ అంకెతో ఆగకుండా బడికి వెళ్ళి సెప్టెంబర్, ఫిబ్రవరి హాజరు పట్టీలు పక్కపక్కన పెట్టండి. హెడ్మాస్టర్లు మొదట ఇవ్వరు. డీఈవో ఆఫీసు నుంచి అనుమతి లెటరు తీసుకెళ్ళండి, మధ్యాహ్న భోజనం రిజిస్టరు కూడా అడగండి. హాజరు పట్టీ కన్నా గుడ్ల లెక్క నిజం చెబుతుంది.

రెండు జాగ్రత్తలు. యూడైస్ 2022-23 నుంచి బడి మొత్తం అంకెలు కాకుండా ఒక్కో పిల్లాడి పేరుతో వివరాలు తీసుకుంటోంది. అందుకే ఆ ఏడాది నుంచి నమోదు తగ్గినట్టు కనిపిస్తే పిల్లలు మాయమయ్యారనుకోకండి, ఒకే పేరు రెండు బడుల్లో ఉండటం తగ్గిందని కూడా అర్థం. రెండోది జిల్లా హద్దు. కందుకూరు 1970 వరకు నెల్లూరులోనే ఉండేది, తర్వాత ప్రకాశంలోకి వెళ్ళింది, 2022 ఏప్రిల్ విభజనలో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. అప్పుడే చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లకు వెళ్ళాయి. 2021 ప్రకాశాన్నీ 2024 ప్రకాశాన్నీ పోలిస్తే మీరు రెండు వేర్వేరు జిల్లాలను పోలుస్తున్నట్టే. మండలాల వారీగా తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. హాజరు పట్టీల పని ఈ జనవరి లోపే మొదలుపెట్టండి, పండగ తర్వాత వెళ్తే అడగడానికి ఊళ్ళో తల్లిదండ్రులు ఉండరు.